డప్పు చల్లారే లోపు

ఉత్సవాల నిర్వహణలోకి కొత్తగా అడుగుపెడుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ ఉద్యోగంలో మీరు ఎదుర్కొన్న అతి పెద్ద ఆటంకం ఏమిటని అడుగుతుంటారు. వర్షమనో, విద్యుత్తనో, చివరి క్షణంలో మొహం చాటేసిన కళాకారులనో చెబుతానని వాళ్ళ ఊహ. నేను మాత్రం తడుముకోకుండా వక్తలు అంటాను. వర్షం ఎప్పుడో ఒకప్పుడు వెలుస్తుంది కదా.

సికింద్రాబాదులో, మోండా మార్కెట్‌కు ఆనుకొని ఉన్న వీధిలో, ఒక మేడ మీద మా సాంస్కృతిక సంస్థ కార్యాలయం ఉండేది. అక్కడ కార్యక్రమాల బాధ్యురాలిగా పనిచేసి, మోకాళ్ళు మొరాయించడంతో గడువుకు ముందే ఉద్యోగం విరమించాను. కింద కూరగాయల బేరాలు, పైన మా సమావేశాలు జరిగేవి. రెండింటిలో కిందివే త్వరగా తెమిలేవి. చిన్నప్పటి నుంచి దినచర్య రాసే అలవాటు నాకు. ఏ వేదిక మీద ఎవరు తమకిచ్చిన సమయాన్ని ఎంత మీరారో నా దగ్గర లిఖితపూర్వకంగా ఉంది. ఆ కారణంగా సహోద్యోగులు నా వెనక నన్ను ‘గంట మేడమ్’ అనుకునేవారు. అది పొగడ్త కాదని తెలిసినా నేను దానిని పొగడ్తల పద్దులోనే జమ వేసుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది నేను నిర్వహించిన చివరి పల్లె కళల ఉత్సవం సంగతి.

బొల్లారం దాటి కొంత దూరం పోతే ఒక ఊరు ఉంది. ఉంది అనడం కన్నా అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలి ఉందనడం సరైన మాట. పాత గేదెల కొట్టాల్లో ఇప్పుడు కార్లు కట్టేసి ఉంటాయి. ఆ ఊళ్ళో ఒక సాయంత్రం పాటలు, కోలాటం, ఒగ్గు కథ, డప్పు వంటివన్నీ కలిపి ఉత్సవం చేయాలని మా సంస్థ సంకల్పించింది. ఊరి తరఫున మాతో మాట్లాడడానికి బోనాల కమిటీ అధ్యక్షుడు ముందుకు వచ్చాడు. నలభై దాటిన మనిషి, సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం ఉన్నవాడు, మాట గట్టివాడు. ఉత్సవానికి అన్నీ ఒప్పుకున్నాడు గానీ, ఆ ఏడాది బోనాల ఊరేగింపులో మాత్రం డప్పులకు బదులు డీజే పెట్టాలని అప్పటికే మనసులో నిశ్చయించుకొని ఉన్నాడు.

ఆ ఊరి డప్పుల దళానికి పెద్ద ఒక అవ్వ. తరతరాలుగా బోనాల ముందు డప్పు కొడుతూ నడిచిన కుటుంబం వాళ్ళది. మగవాళ్ళు ఆటోలు నడపడానికీ, కంపెనీలకూ పోతూ డప్పులను గోడలకు తగిలిస్తే, అవ్వ వాటిని దించి కోడళ్ళకూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళకూ నేర్పింది. మొదట నవ్విన ఊరు తరువాత ఆడింది. మూడేళ్ళుగా బోనాల ముందు నడుస్తున్నది ఆడవాళ్ళ దళమే.

ఉత్సవం గురించి మాట్లాడుకోవడానికి కమిటీ గదిలో కూర్చున్నప్పుడు అధ్యక్షుడు మెల్లగా ఆ ప్రస్తావన తెచ్చాడు.

“అవ్వా, నీ మీద నాకు మస్తు గౌరవం ఉన్నది. గని జమానా మారింది. ఊరంత ఫ్లాట్లయినయి. కిటికీలు బంద్ చేసుకొని ఏసీల కూసున్నోళ్ళకు నీ డప్పు ఏడ ఇనపడుతది? డీజే అయితే పునాదులు సుత కదులుతయి.”

“పునాదులు కదిలితే మళ్ల నీ దుకాణంలనే సిమెంటు కొనాలె గద, కొడుకా! నీ హిసాబు నాకిప్పుడు సమజైంది,” అంది అవ్వ.

గదిలో అందరూ నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు, కానీ పట్టు విడవలేదు.

“మీ అయ్య పెండ్లి నాడు మా మామ డప్పు కొడితే పక్క ఊర్లోళ్ళు సుత తయారయి వచ్చిండ్రు,” అవ్వ ఊరుకోలేదు. “నీకొక్కనికే ఇనపడకపోతే తప్పు డప్పుదా, చెవులదా?”

“సరే, సూద్దాం పట్టు. ఉత్సవం నాడు నేను కడపటి వరుసల కూసుంట. మీరు స్టేజీ మీద కొట్టుండ్రి, మైకు లేకుండ. నేను కూసున్న కాడికి ఖుల్లాగ ఇనపడితే బోనాలకు ముంగట మీరే. లేకుంటే డీజే. మల్ల నన్ను అనొద్దు.”

“మాటంటే మాట?”

“మాటంటే మాట.”

బయటికి వచ్చాక అవ్వ ముఖంలో ఆ చలాకీతనం లేదు. నా చేయి పట్టుకొని ఆగింది. “బిడ్డా, ఒక్క ఏడాది ముంగట నడువకుంటే ఇగ ఎన్నడు నడువనియ్యరు. మన జాగ ఖాళీగ కనపడితే ఎవలన్న వచ్చి గోడ కట్టుకుంటరు,” అంది. భూముల ధరలు పెరిగిన ఊళ్ళో ఆ మాటకు వివరణ అక్కరలేదు. మీకు ఉత్సవంలో మొదటి అంశం ఇస్తాను, సభ ఇంకా అలసిపోక ముందే వాయించవచ్చు అని మాట ఇచ్చాను.

ఇక మైదానం సంగతి. అది ఒక ప్రైవేటు స్థలం. చుట్టూ ప్రహరీ, లోపల ఎండుగడ్డి, ఒక పక్క కార్లు నిలిపే చోటు. యజమాని ఒకే ఒక షరతు పెట్టాడు: ఆవరణలో ఎక్కడా నిప్పు రాజేయకూడదు. షరతులంటే నాకు ప్రాణం. ఆ వాక్యాన్ని మా కార్యక్రమ పత్రంలో పెద్ద అక్షరాలతో వేయించాను. జ్యోతి ప్రజ్వలనకు కూడా నూనె దీపం వద్దని, మీట నొక్కితే వెలిగే బ్యాటరీ కుందిని అద్దెకు తెప్పించాను. వంటను ప్రహరీ అవతల సందులోకి పంపించాను. షామియానాలతో పాటు భోజనాలు కూడా సమకూర్చే టెంట్ హౌస్ భాయ్, “మేడమ్, మీ ఉత్సవంల బీడీ తాగేటోడు సుత గోడ దుంకాలె,” అని గొణుగుతూనే తన కట్టెల భట్టీని, గుండిగలను సందులోకి మార్చుకున్నాడు. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి వంకాయలు దిగాయి. బగారా అన్నం, బగారా బైంగన్ అని ఊరంతా ముందే తెలిసిపోయింది.

సందులోకి మైదానం నుంచి ఒక చిన్న ఇనుప గేటు ఉండేది. సరిగ్గా ప్రేక్షకుల చివరి వరుస వెనక. దానికి తాళం వేయించి చెవి నా సంచిలో వేసుకున్నాను. అనుభవం నేర్పిన పాఠమది. వంట వాసనకూ ప్రేక్షకుడికీ మధ్య తెరిచిన గేటు ఉంటే, మధ్యలో ఎంతటి కళాకారుడున్నా నిలబడలేడు.

ఆ రోజు మధ్యాహ్నం జల్లు పడింది. సాయంత్రానికి వెలిసింది గానీ గాలి నిండా తేమ. నేను వేదిక దగ్గర పూలదండలు సరిచూస్తుండగా అవ్వ తన దళంతో వచ్చింది. పదిమంది ఆడవాళ్ళు, ఒకే రంగు చీరలు, కాళ్ళకు గజ్జెలు, భుజాలకు డప్పులు.

“బిడ్డా, గడ్డి ఏడ పెట్టిచ్చినవు?”

“గడ్డి ఎందుకవ్వా?”

“డప్పులు కాచనీకి.”

ఆ మాటతో నా చేతిలోని దండ చేతిలోనే ఉండిపోయింది. కొట్టే ముందు డప్పును మంటకు కాస్తారని మాలో తెలియనివారు ఎవరూ లేరు. మంట తగిలితే చర్మం బిగుస్తుంది. అప్పుడే డప్పు కంగుమంటుంది. మా ఉత్సవాల్లో ఎన్నోసార్లు వేదిక వెనక ఆ మంట పక్కన నిలబడి చలి కాచుకున్నదాన్ని నేను. అయినా నిప్పు వద్దని రాసుకున్నప్పుడు మాకు కనిపించింది సిగరెట్లు, టపాసులు, పొయ్యిలు. డప్పును ఒక కాగితంలోనూ నిప్పును ఇంకొక కాగితంలోనూ పెట్టి, రెండింటి మీదా నేనే సంతకం చేశాను.

అవ్వ ఒక డప్పును చూపుడువేలితో తట్టింది. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు ‘బొద్దు’ మంది.

“ఇదయితే ముంగటి వరుసకు సుత ఇనపడదు,” అంది నిదానంగా.

చివరి వరుస వైపు చూశాను. అధ్యక్షుడు అప్పటికే వచ్చి, చేతులు కట్టుకొని, కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు. పరీక్ష రాసే పిల్లల కన్నా ముందే పరీక్షకుడు వచ్చేశాడన్నమాట.

ముందు వేదిక కోసం తెచ్చిన ఒక పెద్ద కరెంటు దీపాన్ని డప్పుకు దగ్గరగా పెట్టి చూశాం. చర్మం మీద రెండు పురుగులు వాలాయి తప్ప ఏమీ కాలేదు. పాటల బృందం వాళ్ళ ఇస్త్రీ పెట్టెను తెచ్చి తాకించబోతే అవ్వ అంత దూరం నుంచే అరిచింది: “అది చీరె గాదు, తోలు!” అప్పుడు టెంట్ భాయ్ ప్రహరీ మీదుగా తల పెట్టి కేకేశాడు.

“మేడమ్, పరేషాన్ ఎందుకు? నా భట్టీ రగులుతనే ఉన్నది. ఇటు అందియ్యిండ్రి, కాచి ఇస్తా. నిప్పు మీ మైదానంల లేదు గద? సందుల ఉన్నది.”

షరతును అక్షరాలా పాటించే ఉపాయం. నాకు చాలా నచ్చింది.

“గేటే తీయచ్చు గద మేడమ్, ఊకె గోడ మీదికెళ్లి ఎందుకు?” అన్నాడు భాయ్.

“గేటు తీస్తే మీ గుండిగల మూతలు కూడా తీయాల్సి వస్తుంది,” అన్నాను. అందువల్ల గోడకు అటు ఆయన నిచ్చెన, ఇటు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాం. డప్పులు ఒక్కొక్కటిగా గోడ దాటాయి. అవ్వ, దళంలోని మరొకామె మైదానం చుట్టూ తిరిగి పెద్ద గేటు గుండా సందులోకి వెళ్ళారు. కాచే పనిని భాయ్‌కి అప్పగించడానికి అవ్వ ఒప్పుకోలేదు. “సాయబూ, నీ చేతులకు మసాలా అలవాటు. మాడ్చి పెడతవు,” అంది.

ఇంతలో సభ మొదలైంది. ముఖ్య అతిథి జానపద కళల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన పెద్ద మనిషి, తెల్లని పంచె, చిరునవ్వు. జ్యోతి వెలిగించమని పిలిస్తే అగ్గిపెట్టె కోసం నలుదిక్కులా చూశారు. మీట ఎక్కడుందో నేను చూపించాను. ఆయన నొక్కగా ప్రజ్వలన జరిగింది. చప్పట్లు కూడా ఆ దీపంలాగే వెలవెలబోయాయి.

తరువాతి అంశం డప్పు. డప్పులు మాత్రం ఇంకా గోడ అవతలే ఉన్నాయి. ఇక్కడ మా కార్యదర్శి గారిని పరిచయం చేయాలి. ఖాళీ సమయాన్ని చూసి తట్టుకోలేని మనిషి ఆయన, ఎవరికీ కాదని చెప్పలేని మనిషి కూడా. డప్పులు వచ్చే లోపు అంటూ, భోజనాలకు సాయం చేసిన ఒక దాతను రెండు మాటలు మాట్లాడమన్నారు. దాత తన చిన్ననాటి నుంచి మొదలుపెట్టారు. ఆయన బాల్యంలో ఉండగానే డప్పులు కాగి, గోడ దాటి, వేదిక పక్కకు వచ్చేశాయి. అవ్వ తట్టి చూసింది. ‘కంగ్’ మంది. ఆ ధ్వనికి నా ప్రాణం లేచి వచ్చింది.

దాత యవ్వనానికి వచ్చేసరికి అవ్వ మళ్ళీ తట్టింది. ‘కంగ్’లో చివరి భాగం తగ్గింది. ఆయన వ్యాపారంలో స్థిరపడేసరికి డప్పు గోనెసంచి అయిపోయింది.

“ఇప్పుడు వాయించండమ్మా,” అన్నారు కార్యదర్శి గారు, దాతను సాగనంపి.

“ఇప్పుడు కొడితే ఓడిపోతం సారూ. మల్ల కాచాలె.”

డప్పులు మళ్ళీ గోడ ఎక్కాయి. అవి కాగే లోపు వేదిక ఖాళీగా ఉండకూడదని కార్యదర్శి గారు శాలువాల కార్యక్రమం పెట్టారు. అది నేను రాసిన క్రమంలో చివరిది. శాలువాలు తక్కువై, కప్పిన వారి నుంచే తీసి మరొకరికి కప్పడం వంటివి ఏవో జరిగాయి. వాటి వివరాలు దినచర్యలో ఉన్నాయి గానీ ఇక్కడ అనవసరం. శాలువాలు ముగిసేసరికి రెండోసారి కాచిన డప్పులు కూడా వచ్చి, నిలబడి, చల్లారిపోయాయి.

ఆ వలయం అప్పటికి నాకు పూర్తిగా అర్థమైంది. డప్పు కాగాలంటే సమయం కావాలి. సమయం దొరికితే ప్రసంగం పుడుతుంది. ప్రసంగం నడిస్తే డప్పు చల్లారుతుంది. ఇది ఎక్కడ తెగుతుందో మా పత్రంలో లేదు.

మూడోసారి డప్పులు గోడ దాటుతుండగా కార్యదర్శి గారు ముఖ్య అతిథినే మైకు ముందుకు పిలిచారు. విషయం: డప్పు ఔన్నత్యం. ఆయన మాట్లాడుతున్నది నిజంగా మంచి మాటలే. డప్పు పుట్టుక, డప్పు పలికే దరువులు, డప్పు లేనిదే ఊరికి పండుగ లేదన్న నిజం, అన్నీ చక్కగా చెబుతున్నారు. కాకపోతే ఆయన చెబుతున్నంత సేపూ డప్పు మోగే అవకాశం లేదు, అంతే. ‘సమయం మించిపోయింది’ అని చీటీ రాసి పంపాను. ఆయన దానిని చదివి, సంతోషించి, సభకు చూపించారు.

“సమయం! నిర్వాహకులు ఎంత చక్కని అంశాన్ని గుర్తుచేశారు! డప్పుకూ కాలానికీ గల సంబంధం గురించి కొన్ని విషయాలు...”

నేను ఇంకో చీటీ రాయలేదు. పెద్ద గేటు గుండా సందులోకి వెళ్ళాను.

భట్టీ ఎర్రగా రగులుతోంది. ఆ రోజుకు కావలసిన నిప్పంతా అక్కడే ఉంది. ఒక పక్క గుండిగలు, ఒక పక్క అవ్వ. ఈసారి దళం మొత్తం అక్కడికే చేరింది. అవ్వ డప్పును మంటకు చూపిస్తూ, తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకొని తడుతోంది. ప్రహరీ అవతలి నుంచి ముఖ్య అతిథి గొంతు లౌడ్‌స్పీకర్లలో గంభీరంగా వినిపిస్తోంది.

“ఎక్కడున్నడు ఇప్పుడు?” అని అడిగింది అవ్వ.

“తాళపత్రాల దగ్గర ఉన్నారు,” అన్నాను.

“పేపర్ల కాడికి ఎప్పుడొస్తడు?”

అవ్వ డప్పును కిందికి దించింది. “ఇప్పుడు కాగినయి బిడ్డా. ఇంతకన్న కాగవు. గోడ దాటిచ్చి, ఆడ నిలవడి, ఆయన మాట ఒడిసే దాక సూసి, మల్ల ఇటు... తోలు ఎన్నిసార్లని మంట సూస్తది? ఇంకొక్కసారి కాస్తే పగులుతది.” గొంతు తగ్గించి అంది: “ఇగ డీజేకే పొమ్మను. మంచిగ పని చేసిండ్రు మీరు. నీ తప్పు లేదు.”

నా తప్పు లేదని ఎవరైనా అంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. సంచిలోని తాళం చెవి చేతికి తగిలింది. డప్పును నిప్పు దగ్గరి నుంచి సభ దగ్గరికి మోయడానికి గంటసేపు తంటాలు పడ్డాం. సభను నిప్పు దగ్గరికి తేవడానికి ఆ చిన్న గేటు చాలు. కుర్చీలు ప్లాస్టిక్‌వి, ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. అయితే గేటు తీసిన క్షణం జనం డప్పుల వైపు చూస్తారా, గుండిగల వైపు చూస్తారా అన్నది నా ఉద్యోగ జీవితమంతా నేను భయపడిన ప్రశ్న. పైగా ముఖ్య అతిథి ఇంకా మాట్లాడుతున్నారు. మాట్లాడుతున్న అతిథి మీదుగా తరువాతి అంశాన్ని నడిపించడం నేనెన్నడూ చేయలేదు; చేసిన వారిని సమావేశాల్లో తప్పుపట్టినదాన్ని కూడా.

“భాయ్, గుండిగలకు అడ్డం నిలబడగలరా?”

ఆయనకు సగం చెప్పేసరికే అర్థమైంది. పెద్ద గరిటె అందుకొని, గుండిగల ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. “ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. నన్ను దాటి వంకాయ సుత పోదు.”

“అవ్వా, ఇక్కడే షురూ చెయ్యండి,” అన్నాను. తాళం తీశాను.

నా చేతిలో ప్రకటనల కోసం ఉంచుకున్న చిన్న మైకు ఉంది. ముఖ్య అతిథి మంచినీళ్ళ గ్లాసు ఎత్తిన క్షణం చూసుకొని, నా జీవితంలో అత్యంత స్పష్టమైన ప్రకటన చేశాను:

“ప్రేక్షకులు దయచేసి తమ తమ కుర్చీలను వెనుకకు తిప్పుకోవలసిందిగా మనవి.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు అవ్వ మొదటి దెబ్బ వేసింది.

గోనెసంచి ధ్వనికి అలవాటుపడిన నా చెవులకు అది పిడుగులా తగిలింది. తొమ్మిది డప్పులు దానిని అందుకున్నాయి. గేటులోంచి, గోడ మీదుగా, సందులోని ఇరుకు గోడలకు తగిలి రెట్టింపై, ఆ దరువు మైదానంలోకి దూకింది. కుర్చీలు గిర్రున తిరిగాయి. కుర్చీల అవసరం లేని వాళ్ళు లేచి గేటు వైపు వచ్చేశారు. కొందరు భట్టీ వైపు చూసిన మాట నిజమే. “ముందు డప్పు, తర్వాత దావత్!” అని భాయ్ గరిటె ఎత్తాడు. ఎదురు డాబా మీద బట్టలు తీస్తున్న ఆమె ఆ బట్టలను పిట్టగోడ మీద వేసి చప్పట్లు కొట్టింది. అపార్ట్‌మెంట్ కిటికీలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. ఏసీలు నడుస్తున్న కిటికీలే అవి.

చివరి వరుసలో పరీక్ష పెట్టడానికి కూర్చున్న అధ్యక్షుడి సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆయన కుర్చీకీ గేటుకూ మధ్య రెండడుగులు కూడా లేవు. మొదటి దెబ్బకు కాలు మీద కాలు దిగింది. రెండో దెబ్బకు కుర్చీతో సహా పక్కకు జరిగాడు. దరువు మధ్యలో అవ్వ దళాన్ని ఆపగానే గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“అవ్వా, ఇది తొండి!”

“తొండేంది కొడుకా? కడపటి వరుసకు ఇనపడాలె అన్నవు. ఇనపడ్డదా లేదా?”

“అరే, నా చెవుల ఊదినట్టు కొడితే ఇనపడదా? దూరమున్నోనికి ఇనపడాలె గని!”

“గట్లనే కానీ. మేమైతే ఈడికెళ్లి కదలం, మంట ఈడ ఉన్నది. దూరం నువ్వే పో. ఇప్పుడు స్టేజే కడపటి వరుస.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. పెద్దమనిషి వెనక్కి తగ్గే స్థితిలో లేడు. మైదానం పొడవునా ఒక్కడే నడుచుకుంటూ వేదిక వైపు సాగాడు. అక్కడ ముఖ్య అతిథి ఒక్కరే మిగిలి ఉన్నారు, చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో. పాపం, సభ అంతా వీపులు చూపిస్తుంటే ఆయనకు ఏమి చేయాలో తోచలేదు. అధ్యక్షుడు మెట్లెక్కి పక్కన నిలబడగానే, ఒక్క శ్రోత దొరికినా చాలునన్నట్టు ఆయన ముఖం వికసించింది. అవ్వ డప్పును మరోసారి మంటకు చూపించి, అప్పటికప్పుడు దరువు మార్చి, వేగం పెంచింది. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. దూరాన ముఖ్య అతిథి ఏదో చెబుతున్నారు. అధ్యక్షుడు తల వంచి, చెవి దగ్గర చేయి పెట్టుకొని వింటున్నాడు. పెదవులు కదులుతున్నాయి గానీ మాకు ఏమీ తెలియడం లేదు.

దరువు పతాక స్థాయికి చేరి, ఒక్క పెట్టున ఆగింది. ఆ ఆగిన నిశ్శబ్దంలో, వేదిక మీద ఎవరూ ఆపకుండా వదిలేసిన మైకు గుండా, డప్పుల చప్పుడును మించి వినిపించాలని గొంతు చించుకుంటున్న అధ్యక్షుడి మాట లౌడ్‌స్పీకర్లన్నిటిలోంచి ఊరంతటికీ వినిపించింది:

“ఏంది సార్? జెర గట్టిగ చెప్పుండ్రి! గా డప్పుల మోతకు మీ మాట ఒక్కటి సుత ఇనపడుతలేదు!”

తరువాత మైదానం, సందు, డాబాలు, కిటికీలు ఒక్కసారిగా నవ్వాయి. భాయ్ గరిటెతో గుండిగ మూత మీద కొట్టాడు. అధ్యక్షుడు మైకు వైపు చూశాడు, మా వైపు చూశాడు, తన చెవి దగ్గర ఇంకా ఉన్న చేయిని చూసుకున్నాడు. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ చేయినే పైకెత్తి, అవ్వకు సలాం చేశాడు.

“బోనాలకు ముంగట మీరే, అవ్వా!” అది మైకులోనే అన్నాడు, ఈసారి తెలిసే.

అవ్వ డప్పును కిందికి దించి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది. పొగ అని చెప్పింది. అప్పటికి పొగ మా వైపు లేదు.

ముఖ్య అతిథి గేటు దాకా నడిచి వస్తుంటే, క్షమాపణ మాటలు మనసులో కూర్చుకుంటూ నిలబడ్డాను. ఆయన నా ముందు ఆగి, “అమ్మా, ముప్పై ఏళ్ళుగా డప్పు గురించి మాట్లాడుతున్నాను. నా ప్రసంగానికి సరైన ముగింపు ఇవాళే దొరికింది,” అన్నారు. ఆ తరువాత దరువులో ఆయన పంచె ఎగ్గట్టి నాలుగు అడుగులు కూడా వేశారు. తాళం తప్పలేదు. మా కార్యదర్శి గారు మాత్రం మిగిలిపోయిన ఒక శాలువాను ఎవరికి కప్పాలో తెలియక చాలాసేపు పట్టుకొని తిరిగి, చివరికి భాయ్‌కి కప్పారు. ఆయన అది కప్పుకొనే వడ్డించాడు.

మైదానం యజమాని మరునాడు ఫోను చేసి, షరతు ఉల్లంఘన జరిగిందా అని అడిగాడు. ఆవరణలో నిప్పు అడుగు పెట్టలేదని, ఆవరణే నిప్పు దగ్గరికి వెళ్ళిందని వివరించాను. ఆయన ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చెప్పించుకొని ఫోను పెట్టేశాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. షరతులు రాయండి, సమయాలు వేయండి. అవి లేకుండా ఏ ఉత్సవమూ నిలబడదు. కానీ మీరు పిలిచిన కళకు ఏమి కావాలో, ఆ కాగితాలన్నిటినీ పక్కపక్కన పరిచి ఒకసారి చదువుకోండి. ఇంకొకటి, గేటు తాళం చెవి ఎప్పుడూ మీ దగ్గరే ఉంచుకోండి. వేసి ఉంచడానికి మాత్రమే కాదు.

ఉద్యోగం విడిచిన తరువాత ఆ ఏడాది బోనాలకు ఆ ఊరు వెళ్ళాను. సందు మొదట్లో గడ్డి మంట వేసి అవ్వ దళం డప్పులు కాస్తోంది. తలల మీద బోనాలతో ఆడవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. డీజే బండి కూడా వచ్చింది. అందరికన్నా వెనక, నోరు మూసుకొని. అధ్యక్షుడే స్వయంగా గడ్డి అందిస్తూ, నన్ను చూసి కొంచెం సిగ్గుపడి, కుర్చీ తెప్పించాడు.

అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన ఒకాయన, ఫోనులో సమయం చూసుకుంటూ, అక్కడున్నవాళ్ళలో నిర్వాహకురాలిలా కనిపించింది నేనే కాబోలు, నా దగ్గరికి వచ్చాడు.

“మేడమ్, ఊరేగింపు ఎన్నింటికి షురూ అయితది?”

చేతి గడియారం చూసుకోబోయి ఆగాను. అవ్వ డప్పును చెవి దగ్గర పెట్టుకొని తడుతోంది.

“కాగినంక,” అన్నాను.